పెద్దకూరలో అనాస ఎప్పుడు వెయ్యాలి?

విశాఖ రుషికొండ తీరంలో సాయంత్రంపూట ఉప్పుకారం చల్లిన అనాస ముక్కలు తిన్నవాళ్లకి ఈ సంగతి అనుభవమే. మొదటి రెండు ముక్కలు పుల్లగా, తియ్యగా, కారంగా హాయిగా దిగిపోతాయి. నాలుగో ముక్క దగ్గరికి వచ్చేసరికి నాలుక చురచురమంటుంది, పెదాల మూలలు మండుతాయి. కారం ఎక్కువైందనుకుంటాం. కారం చల్లకుండా తిన్నా ఆ చురచుర తప్పదు. అనాసపండులో బ్రొమెలైన్ అనే ఎంజైముల గుంపు ఉంటుంది. మాంసకృత్తుల గొలుసుల్ని తెంపడమే వాటి పని. పండును మనం నములుతున్నంతసేపూ అవి మన నాలుక పైపొర మీద పని చేస్తూనే ఉంటాయి. పండులో ఉండే మొనదేలిన కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గీసిన చోట ఆ మంట ఇంకాస్త పెరుగుతుంది. నోరు తనను తాను త్వరగా బాగుచేసుకుంటుంది కాబట్టి కాసేపటికి మరిచిపోతాం.

అదే ఎంజైము పచ్చిమాంసం మీద ఏం చేస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. పెద్దకూర పలచటి ముక్కలు రెండు తీసుకోండి. ఒకదాని మీద పచ్చి అనాసరసం రెండు చెంచాలు పొయ్యండి. రెండోదాని మీద అదే రసాన్ని ఐదు నిమిషాలు తెర్లించి, చల్లార్చి పొయ్యండి. రెండింటినీ మూతపెట్టి ఫ్రిజ్ బయట గంటసేపు ఉంచి చూడండి. మొదటి ముక్క ఎరుపు పోయి బూడిదరంగుకి తిరుగుతుంది. వేలితో రాస్తే పైపొర జిగటగా, ముద్దగా ఊడి వస్తుంది. రెండో ముక్క పులుపు తగిలి కాస్త పాలిపోతుందేమో కానీ గట్టిగానే ఉంటుంది. రెండు రసాల్లోనూ పులుపు, తీపి సమానమే. తేడా అంతా ఎంజైముదే, తెర్లించిన రసంలో అది చచ్చిపోయింది. గంటసేపు బయట ఉన్న ఆ ముక్కల్ని మాత్రం వండుకోకుండా పారెయ్యండి.

అనాసరసంలో మాంసకృత్తుల్ని కరిగించే గుణం ఉందని 1891లో వెనిజులా రసాయనశాస్త్రవేత్త విసెంటే మార్కానో చూపించాడు. ఆ తర్వాత నిలకడగా తెలిసిందేమిటంటే, ఈ ఎంజైము 50 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య బాగా చురుకుగా ఉంటుంది, అక్కడి నుంచి వేడి పెరిగేకొద్దీ పాడైపోతుంది, మరిగే నీటిలో నిలవదు. పండు కండలో కంటే మధ్యలో ఉండే గట్టి దూటలో అది ఎక్కువ. డబ్బాల్లో అమ్మే అనాస ముక్కల్ని ముందే వేడిచేస్తారు కనుక వాటిలో ఆ శక్తి ఉండదు. మాంసం మెత్తబడుతుందన్న ఆశతో డబ్బా అనాస కలిపి నానబెట్టేవాళ్లకి దొరికేది తీపి మాత్రమే.

ఇదంతా వంటింట్లో ఎందుకు కావాలంటే, రుషికొండ చుట్టూ ఐటీ సంస్థలున్న కొండల దగ్గరా, గీతం విశ్వవిద్యాలయం దారిలోనూ అద్దె ఇళ్లలో కొత్త వంటలు వండుకునే కుర్రకారు చాలామంది. అమెరికాలో చదువుకుని, అక్కడి చిల్లీ రుచి మరిగి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉంటారు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు వేలకొద్దీ ఉన్న టెక్సాస్‌లో చిల్లీ అంటే మనం బజారులో తినే చైనా తరహా వేపుడు కాదు. గొడ్డుమాంసం, ఎండుమిరప, జీలకర్ర కలిపి గంటలకొద్దీ మగ్గబెట్టిన చిక్కటి కూర అది. శాన్ ఆంటోనియో నగరపు కూడళ్లలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆడవాళ్లు రాత్రిపూట బల్లలు వేసి దాన్ని అమ్మేవారు. 1977లో టెక్సాస్ శాసనసభ దాన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. అందులో చిక్కుడుగింజలు వెయ్యకూడదని అక్కడివాళ్లు పట్టుబడతారు. మిగతా అమెరికా వేసుకుంటుంది. దానికే అనాసో, మామిడో, కాస్త బెల్లమో తోడైతే తియ్యటి చిల్లీ.

ఈ కూర మనకి పరాయిదనిపించదు, అనిపించనక్కర్లేదు కూడా. మిరప, అనాస, టమాటా, రాజ్మా నాలుగూ అమెరికా ఖండాల నుంచి సముద్రం మీద వచ్చి మన నేలలో కుదురుకున్నవే. రాజ్మాని మన అరకు, చింతపల్లి గిరిజన రైతులే పండిస్తున్నారు. సీతంపేట ఏజెన్సీ కొండల్లో సవరలు పండించే అనాసలు వానాకాలం మొదట్లో మన బజార్లకి దిగుతాయి. బెల్లానికి అనకాపల్లి పక్కనే ఉంది. ఇక మాంసానికి వాడే గేదె సంగతి. నదీజాతి గేదె మచ్చికైందే ఈ ఉపఖండంలో. పులుపూ తీపీ కారమూ ఒకే గిన్నెలో కలపడం ఉత్తరాంధ్రకి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. బెల్లం వెయ్యని పులుసు ఇక్కడ చాలా ఇళ్లలో పులుసే కాదు.

పెద్దకూర వండే ఇళ్లలో పండు, కాయ, ఆకు కలపడం ఎప్పటినుంచో ఉంది. చింతకాయలు దంచి వేసేవాళ్లున్నారు, మామిడికాయ ముక్కలు వేసేవాళ్లున్నారు, గోంగూర సరేసరి. అచ్చయిన తెలుగు వంటల పుస్తకాల్లో మాత్రం వీటికి చోటు దొరకలేదు. దళితుల ఇళ్లలో, ముస్లింల ఇళ్లలో, క్రైస్తవుల ఇళ్లలో ఎంతో నేర్పుగా సాగుతూ వచ్చిన ఈ వంట తల్లి నుంచి కూతురికి నోటిమాటగానే అందింది. ముదురు మాంసాన్ని మెత్తగా, రుచిగా మార్చడంలో వాళ్లకున్న పరిజ్ఞానం గొప్పది. దాన్ని రాసిపెట్టుకోకపోవడం మన భాషకే లోటు.

ముదురు మాంసం అనడానికి కారణం ఉంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ప్రకారం ఆవునూ, ఆవుదూడనూ, గేదెదూడనూ వధించకూడదు. ఎద్దునైనా గేదెనైనా అధికారి ధ్రువపత్రం ఇస్తేనే వధించాలి. అందుకే ఇక్కడ ఇంటికి చేరే పెద్దకూర చాలావరకు పాడికీ సేద్యానికీ పనికిరాకుండా పోయిన, వయసు మళ్లిన పశువుది. అమెరికా వంటల పుస్తకంలో ఉండేది లేత గొడ్డు. ఆ పుస్తకంలో రాసిన సమయాలు మన గిన్నెకి సరిపోవు.

వయసుకీ గట్టిదనానికీ మధ్య ఉన్న ముడి పేరు కొల్లాజెన్. కండరపు పోగుల్ని కట్టగట్టే తెల్లటి పొరల్లో, ఎముకకి కండను కలిపే స్నాయువుల్లో ఉండే మాంసకృత్తి ఇది. దీని అణువు మూడు పాయల జడ. లేత పశువులో ఒక జడకీ పక్క జడకీ మధ్య ముడులు తక్కువ, అవీ వేడికి తేలిగ్గా విడిపోతాయి. పశువు వయసు పెరిగేకొద్దీ వేడికి లొంగని ముడులు పడుతూ పోతాయి. పనిచేసే కండల్లో, అంటే కాలి పిక్కలో, మెడలో, ఈ పొరలు మరీ దట్టం. కత్తితో కోస్తున్నప్పుడు కండ మధ్యలో మెరిసే వెండిరంగు పొర కనిపిస్తుందే, అదే. దాన్ని తీసి పారేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కూరకి చిక్కదనం, పెదాలకంటుకునే జిగురు వచ్చేది దానివల్లనే.

పొయ్యి మీద పెట్టిన మాంసం మొదట గట్టిపడుతుంది, తర్వాతే మెత్తబడుతుంది. 50 డిగ్రీలు దాటాక మయోసిన్ అనే మాంసకృత్తి గడ్డకడుతుంది. 60, 65 మధ్య కొల్లాజెన్ పొరలు ముడుచుకుని కండను పిండుతాయి, లోపలి నీరు బయటికి వస్తుంది. 70 చేరేసరికి ఆక్టిన్ కూడా గడ్డకట్టి ముక్క రబ్బరు కడుతుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి మంట ఆపేస్తారు. అక్కడి నుంచి ఇంకా వేడి మీద ఉంచితే మూడు పాయలూ నెమ్మదిగా విడిపోయి కొల్లాజెన్ జెలటిన్‌గా మారి నీటిలో కరుగుతుంది. కండరపు పోగులు ఎండినా, వాటి మధ్య జెలటిన్ చేరడంతో నోటికి ముక్క తడిగా, మెత్తగా తగులుతుంది. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు, ముదురు పిక్క కండకి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ప్రెషర్ కుక్కర్‌లో నీరు దాదాపు 120 డిగ్రీలకి చేరుతుంది. అదే పని ముప్పావుగంటలో, గంటలో అయిపోతుంది. విజిల్స్ లెక్కపెట్టడం కంటే మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి గడియారం చూసుకోవడం మేలు.

ఇప్పుడు అనాస దగ్గరికి వద్దాం. పచ్చి అనాసతో రాత్రంతా నానబెడితే ముదురు మాంసం లొంగుతుందన్న ఆశ సహజమే. కానీ ఎంజైము ముక్క లోపలికి దిగలేదు, ఉపరితలం నుంచి కొద్ది మిల్లీమీటర్లు దాటి పోదు. పైగా దానికి కొల్లాజెన్, కండ అన్న విచక్షణ లేదు, దొరికిన మాంసకృత్తినల్లా తెంపుతుంది. ఫలితంగా ముక్క పైన ముద్దవుతుంది, లోపల ఎప్పటిలా గట్టిగానే ఉంటుంది. కబాబుల కోసం దంచిన మాంసానికీ, పలచగా కోసిన ముక్కలకీ హైదరాబాద్ వంటవాళ్లు పచ్చి బొప్పాయి రాస్తారు. అక్కడ మందం తక్కువ, మగ్గే సమయమూ తక్కువ, ఎంజైము సాయం నిజంగా అవసరం. బొప్పాయిలో ఉండే పపైన్ బ్రొమెలైన్ కంటే వేడికి ఎక్కువసేపు తట్టుకుంటుంది కూడా. గంటసేపు కుక్కర్‌లో ఉడికే అంగుళం ముక్కలకి ఈ హంగామా అక్కర్లేదు. కొల్లాజెన్ పని వేడే చూసుకుంటుంది.

పులుపు వేరే దారిలో సాయపడుతుంది. మాంసం ఆమ్లత మామూలుగా 5.5 పీహెచ్ దగ్గర ఉంటుంది. దానికి కొద్దిగా మాత్రమే పులుపు తగిలించి 5.2 దరిదాపులకి దింపితే కండ నీటిని పట్టుకునే శక్తి అట్టడుగుకి పడిపోతుంది. అంతకంటే గట్టి పులుపు తగిలితే పోగులు ఉబ్బి మళ్లీ నీరు పట్టుకుంటాయి, కొల్లాజెన్ కూడా త్వరగా కరుగుతుంది. నామమాత్రంగా ఒక టమాటా వేసి ఊరుకోవడం కంటే చింతకాయ దండిగా వేసే పాత పద్ధతే మాంసానికి మంచిదన్నమాట. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, అనాసది ఎక్కువగా సిట్రిక్ ఆమ్లానిది. మాంసం దృష్టిలో రెండూ పనికొచ్చేవే. అల్యూమినియం కుక్కర్‌లో మాత్రం పుల్లటి కూరని గంటలకొద్దీ ఉడికించకండి, ఆ లోహం కూరలోకి దిగుతుంది. స్టీలు కుక్కర్ మేలు.

రాజ్మా దగ్గర ఇదే పులుపు అడ్డం తిరుగుతుంది. గింజల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ ఆమ్లంలో కరగదు. చింతపండు ముందే వేస్తే కందిపప్పు ఉడకదని మన ఇళ్లలో అందరికీ తెలుసు కదా, కారణం ఇదే. రాజ్మాని విడిగా ఉడికించాలి. దీంట్లో ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని కొన్ని గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో అరగంటసేపు తెర్లించాలి. సన్నటి సెగ మీద 80 డిగ్రీల దగ్గర మగ్గబెడితే ఆ విషం పోకపోగా పెరగొచ్చు కూడా. విద్యుత్తుతో నడిచే నిదానపు కుక్కర్లలో పచ్చి రాజ్మా వేసేవాళ్లు ముందు దాన్ని వేరుగా బాగా మరిగించి తీరాలి.

ఇక వాసన. కూర రుచిలో సగం వండటానికి ముందే, ముక్కల్ని ఎర్రగా కాల్చేటప్పుడు పుడుతుంది. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ చక్కెరలకీ అమైనో ఆమ్లాలకీ మధ్య జరిగే చర్యని వివరించాడు. ఆ చర్య వేగం అందుకోవాలంటే ఉపరితలం 140 డిగ్రీల చుట్టూ ఉండాలి. తడి ఉన్నంతసేపూ వేడి 100 దాటదు. అందుకే ముక్కల్ని గుడ్డతో ఒత్తి తడి తీసి, ఇనుప మూకుడులో ఒకదానికొకటి తగలకుండా, కొన్ని కొన్నిగా కాల్చాలి. కిలో మాంసాన్ని ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి ఉడికిపోతుంది. పండూ బెల్లమూ ఈ దశలో దగ్గరికి రాకూడదు. తడి ఒక సమస్య, పండులోని చక్కెర మాంసం కంటే ముందే మాడి చేదవడం ఇంకో సమస్య.

అనాస మాంసంతో ఎందుకు అంత బాగా కలుస్తుందో చెప్పే ఒక విషయం నాకు ఎంత తలుచుకున్నా ముచ్చటే. 1965లో అనాస వాసనల్ని విడదీసి పరిశీలించినప్పుడు ఒక పదార్థం దొరికింది. ఇవాళ దాన్ని ఫ్యూరనియాల్ అంటున్నారు. కాగుతున్న పంచదార వాసన, పండు వాసన కలిసిన కమ్మదనం దానిది. 1968లో గొడ్డుమాంసం ఉడికించిన రసంలో ఏమేం ఉన్నాయో వెతికితే అక్కడా అదే పదార్థం కనిపించింది. మామిడిలో ఉంది, టమాటాలో ఉంది. చెట్టు మీద పండు పండేటప్పుడు కణాల్లో తయారయ్యే వాసనే, గిన్నెలో మాంసం ఉడికేటప్పుడు చక్కెరల నుంచి తయారవుతోంది. పండు వేసిన మాంసంలో రెండు రుచులు కొట్లాడుకోకపోవడానికి ఇదొక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. మిరపపొడిని, నానబెట్టి రుబ్బిన ఎండుమిరప ముద్దని నూనెలో వేయించడం ఇందుకే. ఈ కాప్సైసిన్ మన నాలుక మీద తగిలే ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆ పనికి 2021లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. టీఆర్‌పీవీ1 అనే ఆ ద్వారం 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది, ఆమ్లానికీ స్పందిస్తుంది. పొగలు కక్కే పుల్లటి కూరలో అదే కారం రెట్టింపుగా తోచడం అందుకే. తీపి ఆ మంటని తగ్గించి చూపిస్తుంది. గుంటూరు మిరప దండిగా వేసిన కూరకి కాస్త అనకాపల్లి బెల్లం చేసే మేలు అది. మోతాదు మించితే కూర పాకమైపోతుంది, కిలో మాంసానికి ముప్పై గ్రాములు చాలు.

ఇవన్నీ కలిపితే వరస దానంతటదే తేలుతుంది. కిలో పిక్క కండని అంగుళం ముక్కలుగా కోసి, ఆరబెట్టి, ఎర్రగా కాల్చి పక్కన పెట్టండి. అదే నూనెలో ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, జీలకర్ర, నానబెట్టి రుబ్బిన ఎండుమిరప ముద్ద వేసి నూనె తేలేదాకా వేయించండి. మూకుడు అడుగున అంటుకున్న మాడుని కాసిని నీళ్లు పోసి గీకి కలుపుకోండి, దాన్ని కడిగి పారెయ్యడం పాపం. టమాటాలు, అరపండు అనాసని రుబ్బి తీసిన గుజ్జు, ఉప్పు, మాంసం స్టీలు కుక్కర్‌లో వేసి సన్నటి మంట మీద ముప్పావుగంట ఉంచండి. ఈ గుజ్జులోని ఎంజైము మరుగుతున్న వేడికి మొదట్లోనే పోతుంది. మిగిలేది పులుపు, చక్కెర. కుక్కర్ దిగాక ముక్కని వేళ్ల మధ్య నొక్కి చూడండి, లొంగకపోతే ఇంకో పావుగంట. అప్పుడు ఉడికిన రాజ్మా, బెల్లం వేసి మూత లేకుండా చిక్కబడనివ్వండి. మిగతా అరపండుని చిన్న ముక్కలుగా కోసి చివరి ఐదు నిమిషాల్లో వెయ్యండి. గంటసేపు ఉడికిన అనాసలో కమ్మదనం మిగులుతుంది కానీ తాజా పరిమళం ఆవిరిలో ఎగిరిపోతుంది. చివర్లో పడ్డ ముక్కలు ఆ పరిమళాన్ని తిరిగి తెస్తాయి. అన్నంలోకి బాగుంటుంది, చోడిసంకటిలోకి ఇంకా బాగుంటుంది.

మేక, గొర్రె మాంసం కంటే పెద్దకూర ఎర్రగా ఉండటానికి కారణమైన మయోగ్లోబిన్‌లోనే ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము ఉంది. రాజ్మాలో ఉన్న ఇనుము అంత సులువుగా పట్టదు. పక్కన మాంసం, విటమిన్ సి ఉంటే అదీ ఎక్కువగా పడుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారు. తినేవాళ్ల ఇళ్లలో ఈ గిన్నె విలువ ఎంతో వేరే చెప్పాలా?

ఈ కూర మర్నాటికి ఇంకా బాగుంటుంది, నిలవ ఉంచడం తెలిస్తే. విశాఖ ఉక్కపోతలో రాత్రంతా పొయ్యి మీదే వదిలేస్తే ఉడుకుని తట్టుకుని బతికిన సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చటి కూరలో విజృంభిస్తాయి. వెడల్పాటి పళ్లేలలోకి మార్చి చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున తీసి చూస్తే పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది. గేదె తాను తిన్న గడ్డిలోని కెరోటిన్‌ని విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది కనుక దాని కొవ్వుకి ఆవు కొవ్వు పసుపు ఉండదు. ఆ పొర కింద కూర గరిటె నిలబడేలా గడ్డకట్టి ఉంటుంది, అంత జెలటిన్ కరిగిందన్నమాట. తినేంతవరకే గిన్నెలోకి తీసుకుని బాగా తెర్లేదాకా వేడిచెయ్యండి. కొత్త అనాస ముక్కలు వేసుకోవాలనిపిస్తే కంచంలోనే వేసుకోండి. పచ్చి ముక్కల్ని చల్లటి కూరలో కలిపి మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే పొయ్యి మీద అంత కష్టపడి తెచ్చుకున్న ఆ జెలటిన్‌ని బ్రొమెలైన్ తెంపేస్తుంది, సాయంత్రానికి కూర నీళ్లు నీళ్లవుతుంది.